ఇండియా నుంచి ఫారిన్ పేటెంట్ వేయడం ఎలా? (చిత్తూరు, మామిడి టెంక మెషిన్)

తోతాపురి_ఫ్యాబ్
మాది చిత్తూరులో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్. చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకు పల్పర్లు (పండు నుంచి గుజ్జు తీసే మెషిన్లు), కన్వేయర్లు రిపేర్ చేస్తాం, కొత్తవి కూడా కట్టిస్తాం. తోతాపురి సీజన్ వచ్చిందంటే అన్ని ఫ్యాక్టరీల్లో ఒకటే గోల. పల్పర్‌లో టెంక చితికితే గుజ్జుకు వగరు ఎక్కుతుంది. భయపడి స్పీడ్ తగ్గిస్తే టెంకకు గుజ్జు అలాగే అంటుకుని చెత్తలోకి పోతుంది. నేనూ మా తమ్ముడూ కలిసి దీనికి ఒక అటాచ్‌మెంట్ తయారు చేశాం. పాత పల్పర్‌కే బిగించుకోవచ్చు. పోయిన సీజన్ చివర్లో తెలిసిన ఫ్యాక్టరీలో నడిపి చూశాం. టెంక శుభ్రంగా, చెక్కు చెదరకుండా బయటికి వచ్చింది.

ఆ ఫ్యాక్టరీ ఓనర్ ద్వారా యూరప్‌లో మెషిన్లు అమ్మే ఒకాయనకు విషయం తెలిసింది. మెక్సికోలో కూడా ఆయనకు వ్యాపారం ఉందట. మెషిన్ చూడకముందే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "పేటెంట్ ఉందా? ఏ దేశాల్లో?" అని. ఇంకా ఎక్కడా వేయలేదు. ఒక కన్సల్టెంట్ ఫోన్ చేసి "వరల్డ్ పేటెంట్ తీసిస్తాం, ఒక్కటి తీసుకుంటే అన్ని దేశాలకూ చెల్లుతుంది" అంటున్నాడు. డాలస్‌లో ఉండే మా బావేమో ఇక్కడ ఆఫీసుల చుట్టూ తిరగడం ఎందుకు, నేరుగా అమెరికాలో వేసేయమంటున్నాడు. ఎవరి మాట వినాలి? దీనికి ఆ దేశం వెళ్లాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

కాణిపాకం_కుర్రాడు
అన్నా సూపర్! లోపల బ్లేడ్ పెట్టారా, బ్రష్ పెట్టారా? టెంక ఎలా పట్టుకుంటుంది అది?

గిండీ_బస్సు
@తోతాపురి_ఫ్యాబ్, ఆ ప్రశ్నకు ఇక్కడ జవాబు రాయకండి. లోపల ఏముందో, ఎలా పని చేస్తుందో ఒక్క ముక్క కూడా వద్దు. ఇది ఎవరైనా చదవగలిగే చోటు. ఇక్కడ రాస్తే లోకానికి చెప్పేసినట్టే లెక్క. వాట్సాప్ స్టేటస్, యూట్యూబ్ వీడియో, కొటేషన్‌తో పాటు పంపే డ్రాయింగ్, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

నేను తిరుపతిలో పేటెంట్ ఏజెంట్‌గా పని చేస్తున్నాను. మీరు అడిగినవాటికి వరసగా చెప్తాను.

వరల్డ్ పేటెంట్ అనేది ప్రపంచంలో లేదు. ఏ దేశం పేటెంట్ ఆ దేశంలోనే చెల్లుతుంది. ఉన్నదల్లా పీసీటీ (పేటెంట్ కోఆపరేషన్ ట్రీటీ) అనే అంతర్జాతీయ ఒప్పందం. జెనీవాలో ఉండే వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దాన్ని నడుపుతుంది. ఒక్క అప్లికేషన్ వేస్తే 150కి పైగా దేశాల్లో మీరు అప్లికేషన్ వేసిన తేదీ నిలబడుతుంది. కానీ పేటెంట్ ఇచ్చేది మాత్రం తర్వాత మీరు వెళ్లే ఒక్కో దేశం ఆఫీసు. "అన్ని దేశాలకూ చెల్లుతుంది" అని అమ్మేవాడు ఒకవేళ వేస్తే ఈ పీసీటీనే వేస్తాడు. పేరు మార్చి అమ్ముతున్నాడు కాబట్టే అక్కడ జాగ్రత్త పడాలి.

మీ బావగారు చెప్పింది మాత్రం అస్సలు చేయకండి. మన పేటెంట్ చట్టం 1970లో సెక్షన్ 39 ఉంది. ఇండియాలో నివసించేవాళ్లు తమ ఆవిష్కరణకు విదేశంలో అప్లికేషన్ వేయాలంటే రెండే దారులు. ముందు ఇండియాలో వేసి ఆరు వారాలు ఆగాలి, ఆ లోపు దాన్ని రహస్యంగా ఉంచమని ప్రభుత్వం ఆదేశం ఇవ్వకపోతే బయట వేసుకోవచ్చు. లేదంటే ఫారం 25 మీద ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఈ రెండూ లేకుండా వేస్తే ఇక్కడి అప్లికేషన్ వదిలేసినట్టు లెక్కేస్తారు. అప్పటికే పేటెంట్ వచ్చి ఉంటే రద్దు చేయొచ్చు. సెక్షన్ 118 కింద రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. మన ఆంధ్రా అంతా చెన్నై గిండీలోని పేటెంట్ ఆఫీసు కిందికి వస్తుంది. అక్కడికి కూడా వెళ్లకుండా ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు.

కాణిపాకం_కుర్రాడు
సారీ అన్నా, ఆత్రంలో అడిగేశా. అడ్మిన్ గారూ, నా ప్రశ్న తీసేయండి.

పలమనేరు_ప్రాక్టికల్
చట్టం సంగతి సరే. సెక్షన్ 39 కింద జైలుకు పోయినవాణ్ని ఎవరైనా చూశారా? మాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు నేరుగా అమెరికాలో ప్రొవిజనల్ (తాత్కాలిక అప్లికేషన్) వేశారు, హాయిగానే ఉన్నారు. ఇంకో మాట కూడా సూటిగా చెప్తున్నా. చిన్న షెడ్ వాళ్లకు ఫారిన్ పేటెంట్ దండగ. కాపీ కొట్టినవాడి మీద ఇటలీలోనో మెక్సికోలోనో కేసు వేసే స్తోమత ఎవరికుంది? ఆ డబ్బుతో ఇంకో లేత్ కొనుక్కో.

గిండీ_బస్సు
@పలమనేరు_ప్రాక్టికల్, జైలు మాట పక్కన పెడదాం. ఆ యూరప్ ఆయన లైసెన్స్ తీసుకునే రోజున అతని లాయర్ మొదట తేదీలే చూస్తాడు. ఇండియా అప్లికేషన్ ఎప్పుడు, బయట అప్లికేషన్ ఎప్పుడు, మధ్యలో ఆరు వారాలున్నాయా, లేకపోతే అనుమతి కాగితం ఏది అని అడుగుతాడు. కాగితం లేకపోతే బేరం అక్కడితో ఆగుతుంది. పట్టుకునేది పోలీసులే కానక్కర్లేదు.

రేణిగుంట_రిమోట్
నాదో సందేహం. నేను రేణిగుంటలో ఇంటి నుంచే ఒక అమెరికా స్టార్టప్‌కు పని చేస్తున్నాను. నేను, అక్కడి కొలీగ్ కలిసి కనిపెట్టినదానికి కంపెనీ అమెరికాలో పేటెంట్ వేస్తోంది. సంతకం పెట్టమని నాకు పేపర్లు పంపింది. కంపెనీ అమెరికాది, పేటెంట్ వాళ్లది. నాకు కూడా ఈ సెక్షన్ 39 తగులుతుందా?

గిండీ_బస్సు
తగులుతుంది. చట్టం చూసేది మీరు ఎక్కడ నివసిస్తున్నారనే. కంపెనీ ఎవరిది, మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిది అన్నది కాదు. సంతకం పెట్టే ముందే వాళ్ల లాయర్‌కు ఒక మెయిల్ రాయండి, "ఇండియాలో ఉన్న ఇన్వెంటర్‌కు ఫారం 25 అనుమతి తీసుకున్నారా?" అని. మామూలుగా 21 రోజుల్లో తేల్చేస్తారు. మీ కొలీగ్ వైపు కూడా ఇలాంటిదే ఉంది. అమెరికాలో పుట్టిన ఆవిష్కరణను బయట దేశంలో వేయాలంటే వాళ్లకూ లైసెన్స్ కావాలి, లేదా అక్కడ వేసి ఆరు నెలలు ఆగాలి. కాబట్టి ఇద్దరూ కలిసి చేసినదానికి ముందు ఎక్కడ వేయాలో కూర్చుని తేల్చుకోవాలి.

రేణిగుంట_రిమోట్
ఇన్నాళ్లూ ఎవరూ ఈ మాట చెప్పలేదు. ఇప్పుడే మెయిల్ పెడుతున్నా. థాంక్స్ సార్.

శ్రీకాళహస్తి_ఆడిటర్
డబ్బు లెక్క నేను చెప్తాను. @పలమనేరు_ప్రాక్టికల్ అన్నదాంట్లో సగం నిజముంది, పదిహేను దేశాల్లో వేస్తే ఎవరైనా మునుగుతారు. కానీ "దండగ" అని ఒక్క మాటతో కొట్టిపారేయడం తప్పు. మొదటి ఏడాదిన్నర, రెండేళ్లలో అయ్యే ఖర్చు జనం భయపడేంత ఉండదు.

వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ఇండియా ఫైలింగ్ ఫీజు 1600 రూపాయలు, అప్లికేషన్‌ను పరీక్షించమని పెట్టే రిక్వెస్ట్‌కు 4000. పెద్ద కంపెనీలకు ఇవే 8000, 20000. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థ అయితే ఫారం 28 పెట్టి తక్కువ ఫీజే కట్టొచ్చు. ఫారం 25కు కూడా 1600.

పీసీటీకి అంతర్జాతీయ ఫీజు 1330 స్విస్ ఫ్రాంకులు. అయితే దరఖాస్తుదారులందరూ వ్యక్తులే అయితే, మన దేశం వాళ్లకు 90 శాతం తగ్గింపు ఉంది. ప్రైవేట్ లిమిటెడ్ పేరు మీద వేస్తే, అది స్టార్టప్ అయినా సరే, ఈ తగ్గింపు లేదు. మన ఆఫీసుతోనే సెర్చ్ (ఇలాంటిది ఇంతకుముందు వచ్చిందా అని వెతకడం) చేయించుకుంటే వ్యక్తికి 2500 రూపాయలు, మిగతావాళ్లకు 10000. మీది ప్రొప్రైటర్‌షిప్ అయితే చట్టం దృష్టిలో మీరే వ్యక్తి.

ఇవి ప్రభుత్వ ఫీజులు మాత్రమే. డ్రాఫ్టింగ్‌కు ఏజెంట్ తీసుకునేది వేరే. అక్కడ మాత్రం పీనాసితనం వద్దు. క్లెయిమ్స్ (ఆవిష్కరణలో ఏది మనదో చెప్పే వాక్యాలు) సరిగ్గా రాయకపోతే పేటెంట్ వచ్చినా పక్కనుంచి తప్పించుకుని పోతారు.

తోతాపురి_ఫ్యాబ్
అక్కా, ప్రొప్రైటర్‌షిప్పే. కానీ త్వరలో కంపెనీగా మార్చాలని ఉంది. ముందు నా పేరు మీద వేసి తగ్గింపు తీసుకుని, నెల తిరగ్గానే కంపెనీకి రాసిచ్చేస్తే?

శ్రీకాళహస్తి_ఆడిటర్
వేసే రోజుకే అసలు హక్కు కంపెనీదని మాట అయిపోయి ఉంటే ఆ తగ్గింపు మీకు వర్తించదు. రూల్ అలాగే రాశారు. నిజంగా మీ ఇద్దరన్నదమ్ములదే అయితే ఏ భయం లేకుండా వేయండి. కంపెనీ ఎప్పుడు పెడతారో, దానికి రాసిస్తారో లేదో అప్పుడు చూసుకుందాం. ఫీజు కోసం కాగితం మీద ఒకటి, మనసులో ఒకటి పెట్టుకోవద్దు.

ఏర్పేడు_స్కాలర్
నేను ఇక్కడ రీసెర్చ్ చేస్తున్నాను. మా సీనియర్ ఒకరి సంగతి చెప్తాను. ఆయన మెంబ్రేన్ మీద చాలా మంచి పని చేశాడు. పేటెంట్ వేయకముందే ఒక కాన్ఫరెన్స్‌లో పోస్టర్ పెట్టాడు, దాని సారాంశం వాళ్ల వెబ్‌సైట్‌లో వచ్చింది. అమెరికాలో, జపాన్‌లో సొంతంగా బయటపెట్టినదానికి ఏడాది గడువు ఉంది కాబట్టి అక్కడ దారి దొరికింది. యూరప్‌లో అలాంటి వెసులుబాటు దాదాపు లేనట్టే. బయటపడింది అంటే కొత్తదనం పోయినట్టే. ఇండియాలో కూడా సెక్షన్ 31 మినహాయింపు కొన్ని సందర్భాలకే. ఆ పోస్టర్ మీద ఆయన మూడేళ్ల పని ఉంది, యూరప్ మాత్రం శాశ్వతంగా పోయింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

@తోతాపురి_ఫ్యాబ్ గారూ, ఆ ఫ్యాక్టరీలో ట్రయల్ చేశారు కదా, ఎవరెవరు చూశారు? మీ కొనుగోలుదారు యూరప్ వాడు కాబట్టి అడుగుతున్నా.

తోతాపురి_ఫ్యాబ్
ట్రయల్‌కు ముందే ఓనర్‌తో కాగితం రాయించుకున్నాం, ఎవరికీ చెప్పకూడదు, ఫొటోలు తీయకూడదు అని. సీజన్ అయిపోయి లైన్ ఆగాక, రాత్రి షిఫ్ట్‌లో చేశాం. మేమిద్దరం, మా ఫిట్టర్ మామ, ఓనర్, వాళ్ల మెయింటెనెన్స్ ఇన్‌చార్జ్. ఆయన దగ్గర కూడా సంతకం ఉంది. మూత తీయకుండా నడిపాం, అయిపోగానే విప్పి షెడ్‌కు తెచ్చేశాం.

గిండీ_బస్సు
చాలా మంచి పని చేశారు. ఆ కాగితాలు స్కాన్ చేసి ఎక్కడైనా భద్రంగా పెట్టుకోండి. స్టాంప్ పేపర్ మీద ఉందా తెల్ల కాగితం మీద ఉందా అన్నది తర్వాత. తేదీ, సంతకాలు, ఏది చెప్పకూడదో అన్న వివరం ఉంటే చాలా విలువైనది. యూరప్ ఆయనకు కూడా డ్రాయింగ్ పంపే ముందే ఇలాంటిది చేయించుకోండి.

ఇక వరస చెప్తాను. ముందు చెన్నైలో ఇండియా అప్లికేషన్. ప్రొవిజనల్ అయినా సరే. ఆ తేదీనే మీ ప్రయారిటీ డేట్. పేటెంట్ల గురించిన పారిస్ ఒప్పందం వల్ల అక్కడి నుంచి 12 నెలల్లో ఏ దేశంలో వేసినా ఆ మొదటి తేదీ నిలుస్తుంది. ఇండియా ఆ ఒప్పందంలోనూ పీసీటీలోనూ చేరింది 1998 డిసెంబర్ 7న, ఒకే రోజు. ఆ 12 నెలల్లోపే ఇక్కడ కంప్లీట్ స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ పూర్తి వివరణ), బయటికి పీసీటీ రెండూ పడాలి. ఆ తర్వాత ఒక్కో దేశంలోకి వెళ్లడానికి మొదటి తేదీ నుంచి 30 నెలలు. యూరప్ పేటెంట్ ఆఫీసుకు 31. అంటే ఏ దేశాల మీద డబ్బు పెట్టాలో తేల్చుకోవడానికి దాదాపు రెండున్నరేళ్లు. ఈలోగా కనీసం రెండు మామిడి సీజన్లు దాటుతాయి, మెషిన్ ఎక్కడ అమ్ముడుపోతుందో మీకే తెలుస్తుంది.

ప్రొవిజనల్ అంటే చాలామంది ఒక పేజీ రాసి పడేస్తారు. అందులో లేని విషయానికి ఆ తేదీ రాదు. తర్వాత మెషిన్‌లో చేసిన మార్పు ప్రొవిజనల్‌లో లేకపోతే, ఆ మార్పుకు కొత్త తేదీనే. కాబట్టి ఇవాళ్టికి తెలిసినదంతా, కొలతలు, పదార్థం, ఇంకో రకంగా చేయగలిగే పద్ధతులు, అన్నీ ముందే రాసేయండి.

అలిపిరి_అరుణ
పీసీటీ అంటే మా కొండ మీద దర్శనం టోకెన్ లాంటిది అనుకోవచ్చా? టోకెన్ వచ్చినంత మాత్రాన దర్శనం అయినట్టు కాదు, మన టైమ్ మాత్రం ఖాయం.

గిండీ_బస్సు
చక్కగా చెప్పారు. మా క్లయింట్లకు కూడా ఇలాగే చెప్తాను ఇకపై.

కాణిపాకం_కుర్రాడు
అరుణక్కా, లడ్డూ కూడా ఇస్తారా జెనీవాలో 😀

ఏర్పేడు_స్కాలర్
లడ్డూ బదులు సెర్చ్ రిపోర్ట్ ఇస్తారు తమ్ముడూ. పీసీటీలో నాకు నచ్చేది అదే. మీ ఆవిష్కరణకు దగ్గరగా ప్రపంచంలో ఇంతకుముందు ఏమేమి వచ్చాయో ఒక ఆఫీసు వెతికి జాబితా ఇస్తుంది, దానితో పాటు తన అభిప్రాయం కూడా. మన ఇండియా ఆఫీసు కూడా 2013 అక్టోబర్ నుంచి ఈ సెర్చ్ చేస్తోంది. కావాలంటే యూరప్ ఆఫీసును కూడా ఎంచుకోవచ్చు, ఫీజు మాత్రం బాగా ఎక్కువ.

రిపోర్ట్ వచ్చాక ముందు ఎడమ కాలమ్ చూడండి. ఒక్కో పాత డాక్యుమెంట్ పక్కన ఒక అక్షరం ఉంటుంది. 'ఏ' (A) అంటే ఊరికే నేపథ్యం, భయం లేదు. వై అంటే ఇంకోదానితో కలిపి చూస్తే మీది తేలిగ్గా తట్టే విషయమని వాళ్ల అనుమానం. ఎక్స్ అంటే ఆ ఒక్క డాక్యుమెంటే మీ క్లెయిమ్‌ను దెబ్బ తీస్తోందని. మొదటి క్లెయిమ్‌కే వరసగా ఎక్స్‌లు పడితే, దేశాల మీద లక్షలు పోసే ముందే తెలిసిపోతుంది. క్లెయిమ్ సవరించుకోవచ్చు, లేదా ఆగిపోవచ్చు.

పలమనేరు_ప్రాక్టికల్
ఇది బాగుంది. రిపోర్ట్ చూసి ఆగిపోయే వీలుందంటే నా అభ్యంతరం కొంత తగ్గింది. కానీ ఇప్పటికీ నా మాట, మెషిన్ అమ్ముడుపోయే చోటే వేయాలి.

గిండీ_బస్సు
అమ్ముడుపోయే చోటు ఒకటి, తయారయ్యే చోటు ఇంకొకటి. పండ్ల ప్రాసెసింగ్ మెషిన్ల తయారీకి ఇటలీ పార్మా ప్రాంతం పెట్టింది పేరు. మీ అటాచ్‌మెంట్ కాపీ కొట్టగలిగే సత్తా, మార్కెట్ రెండూ ఉన్నవాళ్లు అక్కడున్నారు. అక్కడ పేటెంట్ ఉంటే తయారీ దగ్గరే ఆపొచ్చు. మెక్సికో, బ్రెజిల్ లాంటి చోట్ల మెషిన్ నడుస్తుంది. ఈ రెండు లెక్కలూ వేసుకుంటే మూడు నాలుగు దేశాల కంటే ఎక్కువ రావు.

యూరప్‌కు రెండు మార్గాలున్నాయి. యూరప్ పేటెంట్ ఆఫీసులో వేస్తే 39 దేశాల్లో కావలసినవి ఎంచుకోవచ్చు. 2023 జూన్ నుంచి యూనిటరీ పేటెంట్ కూడా వచ్చింది, చాలా దేశాలకు కలిపి ఒకటే. కానీ అక్కడ అప్లికేషన్ పెండింగ్‌లో ఉన్నా మూడో ఏడాది నుంచే ఏటా రుసుము కట్టాలి. ఒక్క ఇటలీ చాలు అనుకుంటే, 2020 జూలై నుంచి పీసీటీ ద్వారా నేరుగా ఇటలీ ఆఫీసుకే వెళ్లే వీలు వచ్చింది. చిన్నవాళ్లకు నేను దీన్నే ఆలోచించమంటాను.

అన్నిటికంటే ముందు ఇండియా. మీ మెషిన్‌ను మొదట కాపీ కొట్టేది పక్క పారిశ్రామికవాడలోనే.

నగరి_నూలు
పవర్‌లూమ్ అటాచ్‌మెంట్‌కు మా నాన్న పీసీటీ వేశారు. ఒక హెచ్చరిక. మొదటి తేదీ నుంచి 18 నెలలు నిండాక అప్లికేషన్ వైపో సైట్‌లో పబ్లిష్ అవుతుంది, అందులో మన పేరు, అడ్రస్ అందరికీ కనిపిస్తాయి. కొద్ది రోజులకే విదేశం నుంచి ఒక మందపాటి కవర్ వచ్చింది. పైన భూగోళం బొమ్మతో లోగో, మన అప్లికేషన్ నంబర్, టైటిల్, నాన్న పేరు అన్నీ కరెక్టే. కింద గళ్ల పట్టీలో "రిజిస్ట్రేషన్ ఫీజు", యూరోల్లో పెద్ద మొత్తం, పది రోజుల గడువు. నాన్న టెన్షన్ పడి బ్యాంకుకు వెళ్లి ఫారిన్ రెమిటెన్స్ ఫారం కూడా తీసుకున్నారు. అది అసలు ప్రభుత్వ ఫీజే కాదు. ఎవరికీ అక్కరలేని ఏదో ప్రైవేట్ జాబితాలో పేరు వేస్తారట, ఆ మాట కాగితం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది. ఇలాంటి ఉత్తరాల గురించి వైపో తన సైట్‌లోనే హెచ్చరిక పెట్టింది, నమూనాలు కూడా ఉన్నాయి. ఏ బిల్లు వచ్చినా ముందు మీ ఏజెంట్‌కు ఫొటో పంపండి.

శ్రీకాళహస్తి_ఆడిటర్
ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. నా దగ్గరికీ ఇలాంటి కాగితాలు వచ్చాయి, ఒకరు కట్టేశాక తెచ్చారు.

ఇంకో రెండు ఖర్చులు జనం లెక్కలో వేసుకోరు. ఒకటి అనువాదం. మన స్పెసిఫికేషన్ ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి అమెరికాకు, యూరప్ ఆఫీసుకు ఇబ్బంది లేదు. మెక్సికోకు స్పానిష్, బ్రెజిల్‌కు పోర్చుగీస్, చైనా, జపాన్‌లకు వాళ్ల భాషలు. పేజీల కొద్దీ రాసుకుంటే పేజీల కొద్దీ కట్టాలి. రెండోది, విదేశీ అటార్నీకి ఇచ్చే ఫీజు మీద జీఎస్టీ. మీరు జీఎస్టీలో ఉంటే రివర్స్ చార్జ్ కింద 18 శాతం మీరే కట్టి, తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవాలి. డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ఆడిటర్ సర్టిఫికెట్ కూడా అడగొచ్చు.

అమెరికాలో చిన్న సంస్థకు చాలా ఫీజులపై 60 శాతం, ఆదాయ పరిమితిలో ఉండే మైక్రో సంస్థకు 80 శాతం తగ్గింపు ఉంది. ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) శాఖ పథకంలో విదేశీ పేటెంట్ గ్రాంట్ (మంజూరు) అయ్యాక 5 లక్షల దాకా తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉంది. గ్రాంట్ అయ్యాకే, అది గమనించండి. ముందు జేబులోంచే పెట్టాలి. కాబట్టి మొదటి రోజు నుంచీ ప్రతి రసీదూ ఒక ఫైల్‌లో.

తోతాపురి_ఫ్యాబ్
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ దండాలు. ఇంకో చిక్కు ఉంది. ట్రయల్‌కు స్థలం ఇచ్చిన ఫ్యాక్టరీ ఓనర్, ఇన్వెంటర్లలో తన పేరు కూడా వేయమంటున్నాడు. మంచి మనిషే, మాకు చాలా సాయం చేశాడు. ఆయన మాట కాదనలేకపోతున్నాం.

పలమనేరు_ప్రాక్టికల్
వేసేయ్. పేరే కదా పోయేది. ఆయన లేకపోతే ట్రయలే లేదు, రేపు అమ్మేటప్పుడు కూడా ఆయనే కావాలి.

ఏర్పేడు_స్కాలర్
@పలమనేరు_ప్రాక్టికల్ అన్నా, దీనికి మాత్రం ఒప్పుకోను. మా దగ్గర కూడా ల్యాబ్ పెద్దల పేర్లు వేయమని ఒత్తిడి ఉంటుంది. పేటెంట్ అంటే పేపర్‌లో రచయితల వరస కాదు.

గిండీ_బస్సు
స్కాలర్ చెప్పిందే నిజం. ఆలోచన ఎవరిదో వాళ్లే ఇన్వెంటర్. స్థలం, డబ్బు, కరెంటు, ప్రోత్సాహం ఇచ్చినవాళ్లు కారు. అమెరికాలో ఇన్వెంటర్లు తప్పు అని తేలి, దాన్ని సరిదిద్దకపోతే పేటెంటే చెల్లకుండా పోవచ్చు. కోర్టులో అవతలివాళ్లు ముందు వెతికే లొసుగుల్లో ఇదొకటి. ఓనర్‌గారి సాయానికి ప్రతిఫలం ఇవ్వాలంటే వేరే దారులున్నాయి. మొదటి మెషిన్లు తగ్గింపు ధరకు ఇస్తామని అగ్రిమెంట్ రాయండి, లేదా వాటా మాట్లాడుకోండి. ఆయనకు కూడా ఇలాగే వివరించండి, మంచి మనిషి అంటున్నారు కదా, అర్థం చేసుకుంటారు.

అయితే నాదొక ప్రశ్న. మీ ఫిట్టర్ మామ అన్నారు, ఆయన ఏం చేశారు? కేవలం మీరు గీసినట్టు బిగించారా, లేక ఏదైనా సొంతంగా చెప్పారా? ఏమిటన్నది ఇక్కడ రాయొద్దు, అవును కాదు చాలు.

తోతాపురి_ఫ్యాబ్
అవును. మొదట్లో మాది సరిగ్గా పని చేయలేదు. ఒక భాగం ఎలా ఉండాలో ఆయనే చెప్పాడు. నిజం చెప్పాలంటే ఆ మార్పు తర్వాతే టెంక పగలడం ఆగింది.

గిండీ_బస్సు
అయితే ఆ భాగం క్లెయిమ్స్‌లోకి వస్తుంది, ఆయన ఇన్వెంటర్ అవుతారు. ఆయన పేరు పడాల్సిందే. హక్కు మీ సంస్థ దగ్గరే ఉండాలంటే ఆయన చేత రాతపూర్వకంగా బదలాయింపు చేయించుకోండి, దానికి న్యాయమైన డబ్బు ముట్టజెప్పండి. ముందే రాసుకున్న ఒప్పందం లేకపోతే, మీ షెడ్‌లో జీతగాడు కాబట్టి అన్నీ మీవేనని అనుకోకండి.

అలిపిరి_అరుణ
ఇది చదివి చాలా సంతోషంగా ఉంది. మన షెడ్లలో చేతిపని వాళ్ల బుర్ర ఎంత ఉంటుందో ఎవరూ కాగితం మీదికి ఎక్కించరు.

పలమనేరు_ప్రాక్టికల్
ఫిట్టర్ విషయంలో నేనూ ఒప్పుకుంటా. ఆయన పేరు వేయండి. ఓనర్ సంగతి కూడా మీరు చెప్పినట్టే కానీయండి.

తోతాపురి_ఫ్యాబ్
మామ ఏడో తరగతి దాకానే చదివాడు. ఇవాళ సాయంత్రమే చెప్పాను. మొదట నమ్మలేదు, తర్వాత "అమెరికా కాగితంలో కూడా నా పేరు ఉంటుందా" అని అడిగాడు. డబ్బు విషయం కూడా మాట్లాడుకున్నాం, తమ్ముడు కూడా సరేనన్నాడు. ఓనర్ గారికి రేపు చెప్తాం.

ప్రొవిజనల్ డ్రాఫ్ట్‌కు ఎవరిని కలవాలి? @గిండీ_బస్సు సార్, మీరే చేస్తారా?

గిండీ_బస్సు
ప్రైవేట్ మెసేజ్ పెట్టండి. నాతోనే చేయించుకోవాలని లేదు. పేటెంట్ ఆఫీసు సైట్‌లో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితా ఉంది. మెకానికల్ చదివినవాళ్లను ఇద్దరు ముగ్గుర్ని అడిగి, పని నచ్చినవాళ్లతో వెళ్లండి. ఆ ఫోన్ చేసిన కన్సల్టెంట్ పేరు ఆ జాబితాలో ఉందో లేదో కూడా చూడండి.

డ్రాఫ్ట్‌కు వచ్చేటప్పుడు డ్రాయింగ్‌లు తెచ్చుకోండి, చేత్తో గీసినవైనా పర్వాలేదు. పక్కనుంచి, పైనుంచి, విప్పి చూపినట్టు. ప్రతి భాగానికీ ఒక నంబర్.

రేణిగుంట_రిమోట్
అప్‌డేట్: మా కంపెనీ లాయర్ జవాబు ఇచ్చాడు. ఫారం 25 వేసేదాకా అక్కడ ఫైలింగ్ ఆపారు. ఈ థ్రెడ్ లింక్ మా టీమ్‌లోని ఇండియా వాళ్లందరికీ పంపాను.

శ్రీకాళహస్తి_ఆడిటర్
@తోతాపురి_ఫ్యాబ్, ఫారం 3 మర్చిపోకండి. బయట దేశాల్లో ఏం వేశారో చెన్నైకి చెప్తూ ఉండాలి. 2024 మార్చిలో రూల్స్ మారాక కాస్త తేలికైంది. మొదటి ఎగ్జామినేషన్ రిపోర్ట్ వచ్చిన మూడు నెలల్లో తాజా వివరాలు ఇస్తే సరిపోతుంది.

తోతాపురి_ఫ్యాబ్
రాసుకున్నా అక్కా. సార్‌కు మెసేజ్ పెట్టాను, ఈ వారమే కలుస్తున్నాం. మామ ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉంది, బ్యాంకు పుస్తకంలో పూర్తిగా ఉంది, స్పెల్లింగ్ కూడా వేరు. ఏది వేయాలి?

గిండీ_బస్సు
ఇంటిపేరు పూర్తిగా ఉండేలా ముందు ఆధార్ సరిచేయించండి. అమెరికా డిక్లరేషన్‌లో ఇంటిపేరు వేరుగా, అసలు పేరు వేరుగా అడుగుతారు. ఇండియా అప్లికేషన్ ఫారం 1లో ఏ స్పెల్లింగ్ వేస్తామో అదే పీసీటీలో, అదే ప్రతి దేశంలో. ఆధార్ మారేదాకా ఆగక్కర్లేదు. పూర్తి పేరు ఏదో మామను అడిగి ఖాయం చేసుకోండి, ప్రొవిజనల్ ఆ పేరుతోనే వేసేద్దాం. తేదీ ముఖ్యం.